చవిటి నేలకీ “చవి”కీ చుట్టరికం ఉందా?

అడిగినవారు: “వాడికి చెప్పడం చవిటి నేలలో విత్తనాలు చల్లడమే” అని మా మామయ్య విసుక్కుంటే అనుమానం వచ్చింది. చవి అంటే రుచి కదా. ఉప్పగా ఉంటుందని చవిటి అన్నారా? మరి చౌడు వేరే మాటా?

జవాబు: చవిటి, చౌడు రెండూ ఒకటేనండీ. చౌడంటే చవుడే. గూడు–గూటి, నాడు–నాటి లాగే చవుడు–చవుటి. అదే చవిటి అయింది. విభక్తి ముందు మాట చివర వచ్చే ఇలాంటి “టి”ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటారే, అది. అంటే “టి” వచ్చింది చవుడులోని “డు” నుంచి. “చవి”కి ఏదో తగిలిస్తే వచ్చిన మాట కాదు. కన్నడంలో ఇలాంటి నేల సవళు. తమిళంలో రెండూ వేరు మాటలు: ఉప్పదనం ఉవర్, రుచి సువై. అందుకే చవితో చుట్టరికం నాకు అతుకులా కనిపిస్తుంది.

బాపట్ల వైపు రైతు: మాకు చౌడు ఒకటి కాదు, రెండు. పైన తెల్లగా పొర కడితే పాల చౌడు. మంచి నీళ్లు నిలగట్టి, కిందికి ఇంకనిచ్చి తీసేస్తే ఉప్పు పోతుంది. కారు చౌడు అలా లొంగదు. వానకి జిగట బురద, ఎండకి రాయి. దానికి జిప్సం వేసి, జీలుగ అనే పచ్చిరొట్ట పైరు చల్లి, పూతకొచ్చాక కలియదున్నాలి.

కాకినాడ నుంచి: మామయ్యగారి సామెత మా కోరింగ మడ అడవుల వైపు చెల్లదండీ! ఉప్పు నేలలో మామూలు మొక్క చచ్చేది ముఖ్యంగా దాహంతో. చుట్టూ తడి ఉన్నా, ఉప్పు ఆ నీటిని వేరుకి అందనివ్వదు. మా మడ చెట్టు ఏం చేస్తుందంటే, లోపలికొచ్చిన ఉప్పుని ఆకుల మీదికి కక్కేస్తుంది. వానల్లేని రోజుల్లో ఆకు మీద వేలితో రాసి నాలిక్కి తగిలించుకుంటే ఉప్పే. ఉప్పు పొన్న అని ఇంకో చెట్టు, అది ఉప్పుని అంత దూరం రానివ్వదు, చాలామటుకు వేరు దగ్గరే ఆపేస్తుంది. ఇలకూర మొక్కది ఇంకో దారి: ఉప్పుని ఆకు కణాల్లో ఓ మూల దాచి, నీళ్లు పట్టించి లావెక్కుతుంది. ఆకు నలిపితే చెమ్మ కారుతుంది.

అడిగినవారు: ఇలకూర అంటే తినే కూరేనా?

కాకినాడ నుంచి: తినేదేనండీ. మా అమ్మమ్మ రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోసి, పప్పులో వేసేది. ఆ రోజు పప్పులో ఉప్పు వెయ్యబోతే చెయ్యి పట్టుకునేది.

అడిగినవారు: అయితే చవిటి నేలకి చవి ఉన్నట్టే కదండీ!

జవాబు: నాలిక ఒప్పుకోవచ్చు, వ్యాకరణం ఒప్పుకోదు.