కొత్త కన్సోల్‌లో పాత గేమ్‌లు ఆడాలా, వద్దా?

అల్మారా_నిండా
నా దగ్గర 143 డిస్క్‌లున్నాయి, మూడు తరాల కన్సోల్‌లవి, అంటే గేమ్‌లు ఆడే యంత్రాలవి. పోయిన వారం పాత కన్సోల్ మొరాయించింది. డిస్క్ పెట్టగానే గిర్రున తిరుగుతుంది, లోపల టక్ టక్ టక్ మని మూడుసార్లు కొట్టుకుంటుంది, ఆ తర్వాత డిస్క్ చదవలేకపోయానని తెర మీద చూపించి ఆగిపోతుంది. రిపేరుకి తీసుకెళ్తే లెన్స్ పోయింది, ఆ లెన్స్‌లు ఇప్పుడు దొరకవు అన్నారు. ఇంట్లో కొత్త కన్సోల్ ఉంది. దానికీ డిస్క్ పెట్టే చోటు ఉంది. డిస్క్ సైజు కూడా అదే. అయినా ఆడదు.

ప్లేస్టేషన్ 2 వచ్చింది 2000లో. అది మొదటి ప్లేస్టేషన్ డిస్క్‌లు ఆడేది, ఆ గేమ్‌ల కోసం పాత మెమరీ కార్డు కూడా తీసుకునేది. 2001లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో 1989 నాటి గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్ పెట్టుకుని ఆడుకున్నాం. అంతకంటే వెనక్కి వెళ్తే, 1986లో అటారీ 7800 తన కంటే ముందున్న అటారీ 2600 కన్సోల్ గేమ్‌లు ఆడింది. అప్పట్లో చేతనైన పని ఇప్పుడెందుకు చేతకాదు? కొత్త కన్సోల్ అమ్మేవాళ్లు పాత గేమ్‌లు ఆడించి తీరాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

రెండో_కంట్రోలర్
నూటికి నూరుపాళ్లు.

చిప్_లోపల
అన్నా, మీరు చెప్పిన వాటిలో ఉన్న కిటుకు ఒకటే. పాత గేమ్‌కి కావలసిన చిప్ కొత్త కన్సోల్ లోపలే ఉంది. ప్లేస్టేషన్ 2లో ఇన్‌పుట్, అవుట్‌పుట్ పనులు చూసుకోవడానికి మొదటి ప్లేస్టేషన్ ప్రాసెసర్‌నే వాడుకున్నారు. పాత డిస్క్ పెడితే ఆ ప్రాసెసరే గేమ్ నడిపేది. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లోనూ పాత ప్రాసెసర్ విడిగా ఉంది.

ప్లేస్టేషన్ 3కి కూడా మొదట ఇలాగే చేశారు. 2006లో వచ్చిన మోడళ్లలో ప్లేస్టేషన్ 2 చిప్‌లు అలాగే పెట్టేశారు. 2007లో ఐరోపాకి వచ్చిన మోడల్‌లో ప్లేస్టేషన్ 2 ప్రధాన ప్రాసెసర్ తీసేసి ఆ పని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు. అదే ఏడాది చివర్లో 40 జీబీ మోడల్ వచ్చేసరికి అసలు ప్లేస్టేషన్ 2 గేమ్‌లే ఆడలేదు. ప్రతి పెట్టెలో రెండు కన్సోల్‌ల ఖర్చు పెట్టుకుంటూ ఎంతకాలం లాగుతారు?

ఇక ప్లేస్టేషన్ 3 గేమ్‌లు ప్లేస్టేషన్ 4లో ఎందుకు ఆడలేదంటే, దాని సెల్ ప్రాసెసర్ వింత జంతువు. ఒక పెద్ద కోర్ (లెక్కలు చేసే భాగం), దాని చుట్టూ చిన్న కోర్లు. ఒక్కో చిన్న కోర్‌కి 256 కేబీ సొంత మెమరీ. ఆ కోర్లను పిండుకుంటూ గేమ్ రాశారు. 1.6 గిగాహెర్ట్జ్ మామూలు కోర్లున్న ప్లేస్టేషన్ 4, 3.2 గిగాహెర్ట్జ్ సెల్‌ని అనుకరించడం ఎక్కడైనా జరిగే పనేనా?

అల్మారా_నిండా
ఐరోపా మోడల్‌లో ప్రాసెసర్ తీసేసి సాఫ్ట్‌వేర్‌తో ఆడించారని మీరే అన్నారు. అంటే సాఫ్ట్‌వేర్‌తో అవుతుంది. చర్చ అక్కడితో అయిపోయింది.

చిప్_లోపల
అయిపోలేదు. ఆ మోడల్‌లో గ్రాఫిక్స్ చిప్ ఇంకా ఉంది. తీసింది సగమే.

అల్మారా_నిండా
సగం సాఫ్ట్‌వేర్‌తో అయిందా లేదా?

చిప్_లోపల
సగం అయింది. కొన్ని గేమ్‌లు సరిగ్గా ఆడనేలేదు.

అల్మారా_నిండా
అయిందన్నారు. నాకు కావలసింది అదే.

తుపాకీ_గురి
ఒక మాట. తెర మీదకి తుపాకీ గురిపెట్టి ఆడే ఆ నాటి గేమ్‌లు పాత ట్యూబు టీవీ మీదే పనిచేస్తాయి. ఎల్‌సీడీ టీవీలో గురి పట్టదు. కన్సోల్ ఒక్కటీ చేస్తే సరిపోదు.

రాత్రి_షిఫ్ట్
ఇద్దరూ ఎక్స్‌బాక్స్ సంగతి వదిలేశారు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ వచ్చినప్పుడు, దానికి ముందున్న ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్ గేమ్‌లు ఆడదన్నారు. అప్పుడు వినిపించిన కారణం కూడా ఇదే, ప్రాసెసర్ వేరని. 360ది పవర్‌పీసీ జాతి చిప్, 3.2 గిగాహెర్ట్జ్, మూడు కోర్లు. కొత్తది అంత వేగం లేని వేరే జాతి చిప్. రెండేళ్లు తిరగకుండానే, 2015 నవంబరులో, అదే పెట్టె మీద సాఫ్ట్‌వేర్‌తో 360 గేమ్‌లు ఆడించి చూపించారు. 2017లో మొదటి ఎక్స్‌బాక్స్ గేమ్‌లు కూడా వచ్చాయి. పాత చిప్ ఒక్కటి కూడా లోపల లేదు. 2025లో వచ్చిన స్విచ్ 2 కూడా పాత చిప్ లేకుండానే చాలావరకు స్విచ్ గేమ్‌లు ఆడుతోంది. కొన్నింటికి పాత స్విచ్ కంట్రోలర్‌లు, జాయ్-కాన్‌లు, కావాలి, అంతే.

కాబట్టి చేతకాదన్న మాట నేను నమ్మను. చేయాలనుకున్న చోట చేశారు.

చిప్_లోపల
చేశారు, కాదనను. ఎలా చేశారో కూడా చెప్పండి. 360 డిస్క్ పెడితే గేమ్ ఆ డిస్క్ నుంచి ఆడదు. ఈ గేమ్ మీ దగ్గరుందని నిరూపించే తాళంచెవి మాత్రమే ఆ డిస్క్. కొత్త కన్సోల్ కోసం సర్ది పెట్టిన కాపీ ఇంటర్నెట్ నుంచి దిగుతుంది. అంటే ఒక్కో గేమ్‌కీ ఎవరో కూర్చుని పరీక్షించి, హక్కులున్నవాళ్ల అనుమతి తెచ్చి, ఆ కాపీ తయారు చేయాలి. అందుకే 2021 నవంబరులో చివరి విడతగా 76 గేమ్‌లు చేర్చి ఆపేశారు. లైసెన్సులు, చట్టం, సాంకేతిక ఇబ్బందులు, ఇక వీలుకాదన్నారు. పాటల హక్కుల గడువు తీరి 2017లో అలన్ వేక్ అనే గేమ్ అమ్మకాలే ఆపేశారు. హక్కులు మళ్లీ తెచ్చుకున్నాకే, 2018లో, తిరిగి అమ్మకానికి పెట్టారు. పాట రాసినవాడు, కారు బ్రాండ్, ఆటగాడి ముఖం, ఒక్కోదానికి ఒక్కో ఒప్పందం. మీ 143లో ఇలాంటివి ఎన్నున్నాయో ఎప్పుడైనా లెక్కేశారా?

అల్మారా_నిండా
నా డిస్క్ మీద పాట ఉంది. ఆ పాటకి ఆనాడే డబ్బు కట్టాను. నా ఇంట్లో నా డిస్క్ ఆడించడానికి ఇంకెవరి అనుమతి కావాలి?

సేవ్_ఫైల్
ఇద్దరూ డిస్క్ దగ్గరే ఆగిపోయారు. నాకు డిస్కే లేదు.

మా అమ్మకి వచ్చిన గేమ్ ఒక్కటే, రంగు గోళీలు పేర్చే పజిల్. డౌన్‌లోడ్ చేసుకున్నది. పదేళ్లు రోజూ సాయంత్రం ఆడింది. కంట్రోలర్ మీద ఎడమ బొటనవేలు ఆనే చోట రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. అమ్మ తెర కేసి కూడా సరిగ్గా చూడదు, గోళీ పడే చప్పుడుతోనే తెలుసుకుంటుంది. ఆ కన్సోల్ మదర్‌బోర్డు పోయింది. కొత్తది కొన్నాను. అదే అకౌంట్, అదే పాస్‌వర్డ్. లాగిన్ అయితే కొన్న గేమ్‌ల పట్టికలో ఆ పేరు కనిపిస్తోంది. దాని మీద నొక్కితే ఈ పరికరానికి అందుబాటులో లేదని వస్తోంది. అలాంటిదే ఇంకో గేమ్ పెట్టి ఇచ్చాను. నాలుగు నిమిషాలు ఆడి, చప్పుడు వేరేగా ఉందమ్మా అని కంట్రోలర్ పక్కన పెట్టేసింది.

డిస్క్ లేకుండా కొన్నవాళ్ల సంగతేంటి? ఇది అడగడానికే వచ్చాను.

భద్రపరచు
2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనం చేసింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్‌లలో 87 శాతం అప్పటికి మార్కెట్‌లో కొనడానికి దొరకవని తేలింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో కన్సోల్‌లైన 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణాలు మూసేశారు. ముందే కొన్నవి మళ్లీ దించుకునే వీలు మాత్రం ఉంచారు. 2024 జులై 29న ఎక్స్‌బాక్స్ 360 దుకాణం మూసేశారు. కొత్త కన్సోల్ పాత గేమ్ ఆడకపోతే వాటిలో చాలావాటికి న్యాయంగా ఆడే దారి ఇంకేదీ మిగలదు. నా దృష్టిలో ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, పుస్తకాలు పోయినట్టే ఇవీ పోతున్నాయి.

అల్మారా_నిండా
అసలు విషయం నేను చెప్తాను. పాత డిస్క్ ఆడితే అదే గేమ్‌ని రీమాస్టర్ పేరుతో రెండోసారి అమ్ముకోవడం కుదరదు. అందుకే ఆడనివ్వరు. ఉన్న గేమ్‌కి రంగు పూసి మళ్లీ అమ్మేవాళ్లని నేను దొంగలనే అంటాను. చిప్ గురించి ఇంత వకాల్తా పుచ్చుకునేవాళ్లు కూడా ఆ ముఠాలోవాళ్లే అయ్యుంటారు.

చిప్_లోపల
అవును, ఆ పని చేసేది నేనే. తొమ్మిదేళ్లుగా పాత గేమ్‌లను కొత్త కన్సోల్‌లకి పోర్ట్ చేస్తున్నాను, అంటే వాటి మీద ఆడేలా కోడ్ మారుస్తున్నాను.

రంగు పూయడం అన్నారు. ఒక గేమ్ సంగతి చెప్తాను, వినండి. సెకనుకి 30 ఫ్రేమ్‌లు, అంటే తెర మీద 30 బొమ్మలు, వస్తాయన్న నమ్మకంతో రాసిన గేమ్ అది. ప్రతి ఫ్రేమ్‌కీ తలుపు ఇంత జరగాలి అని కోడ్‌లో రాసి ఉంది. కొత్త కన్సోల్‌లో 60 ఫ్రేమ్‌లు పెట్టాం. తలుపు రెట్టింపు వేగంతో మూసుకుపోయింది. మనిషి పరుగు కాలాన్ని బట్టి లెక్కేసి ఉంది కాబట్టి మారలేదు. ఎంత పరిగెత్తినా తలుపులో ఇరుక్కుపోతాడు, అక్కడితో గేమ్ ముందుకు కదలదు. అలాంటి లెక్కలు కోడ్ అంతటా పరుచుకుని ఉన్నాయి. సోర్స్ కోడ్‌లో సగం ఫైళ్లు లేవు. వాటిని ఏ పేరుతో దాచారో తెలిసిన మనిషి కంపెనీలోనే లేడు. పదకొండు రోజులు ఆ ఒక్క తలుపు దగ్గరే కూర్చున్నాను. పదకొండో రోజు రాత్రి మనిషి తలుపు దాటాడు. దాన్ని దొంగతనం అంటారా మీరు?

మా టీమ్‌లో పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. ఒక పోర్ట్ ముప్పావు వంతు పూర్తయింది. అంతలో పాత గేమ్ కొత్త కన్సోల్‌లో నేరుగా ఆడుతుందని ప్రకటన వచ్చింది. మా పని ఆపేశారు. ఇప్పుడు ఐదుగురం మిగిలాం. మీకు ఊరికే రావాలంటున్నది మా కష్టం.

రెండో_కంట్రోలర్
ఇది ముందే చెప్పి ఉండాల్సింది కదా బ్రో.

చిప్_లోపల
చెప్పినా చెప్పకపోయినా చిప్ లెక్కలు అవే.

అల్మారా_నిండా
దొంగలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది తప్పు, క్షమించండి. పదకొండు రోజుల పని గురించి నాకు తెలియదు.

కానీ మిగతా మాట తీసుకోను. మీ కష్టానికి డబ్బు రావాలి. మెరుగు చేసిన గేమ్ బాగుంటే నేనూ కొంటాను, కొన్నాను కూడా. నేనడిగేది మెరుగు చేసింది కాదు. 30 ఫ్రేమ్‌లతో, ఆ మసక బొమ్మలతో, ఉన్నది ఉన్నట్టు ఆడితే చాలు. తలుపు అదే వేగంతో మూసుకుంటే చాలు. నేను కొన్నది అదే.

చిప్_లోపల
మీరు కొన్నది ఆ కన్సోల్ మీద ఆడే గేమ్. అట్ట మీద ఆ కన్సోల్ పేరు రాసే ఉంది. కన్సోల్ ఉన్నంతవరకు అది మీది, ఎవరూ లాక్కోలేదు. ఇంకో యంత్రం మీద ఆడటం ఇంకో వస్తువు. ఎవరో ఒకరు చేస్తేనే అది పుడుతుంది.

అల్మారా_నిండా
ఇదన్నమాట. రెండు రోజులుగా సెల్, పవర్‌పీసీ అంటూ తిరిగాం. మీ మనసులో ఉన్నది ఇది. కన్సోల్ చచ్చిపోతే దాంతోపాటు గేమ్ కూడా చచ్చిపోవాలి, మళ్లీ కావాలంటే మళ్లీ కొనాలి. నేను కొన్నది గేమ్ అని నేనంటాను. కన్సోల్ అద్దె కొంప లాంటిది, సామాను నాది. కొంప కూలిందని సామాను వదిలేసి వెళ్లమంటే ఎలా ఒప్పుకుంటాను?

చిప్_లోపల
ఇల్లు మారేటప్పుడు సామాను మోసినవాళ్లకి కూలి ఎవరిస్తారు?

అల్మారా_నిండా
కొత్త ఇల్లు అమ్మినవాళ్లు. అందులోకి నేను వెళ్లేది నా సామాను పడుతుందన్న ఆశతోనే. ప్లేస్టేషన్ 5 కొన్నవాళ్లు ప్లేస్టేషన్ 4 గేమ్‌లు దాదాపు అన్నీ ఆడుకుంటున్నారు, ఆ నమ్మకంతోనే ఎంతమంది కొన్నారో. అమ్మేటప్పుడు దాని లాభం తీసుకున్నారుగా, ఖర్చు కూడా వాళ్లే పెట్టుకోవాలి. మీ టీమ్‌ని పెట్టుకుని ఆ పనే చేయించమనండి.

చిప్_లోపల
చేయించరు. అందులో అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. అదే కదా తొమ్మిది మంది ఇంటికి వెళ్లడానికి కారణం.

రాత్రి_షిఫ్ట్
మీరు కోపం తెచ్చుకోవాల్సింది అలా చేయించనివాళ్ల మీద కదా, పాత డిస్క్ పెట్టుకునేవాళ్ల మీద ఎందుకు?

చిప్_లోపల
దీనికి ఇప్పుడు జవాబు చెప్పలేను. తర్వాత రాస్తాను.

చిప్_లోపల
ఇది వేరే విషయం. అల్మారా అన్నా, మీ కన్సోల్ మూడుసార్లు టక్కుమని కొట్టుకుంటోందన్నారు. లెన్సే పోయిందని అప్పుడే అనుకోవద్దు. లెన్స్ జరిగే పట్టాల మీద గ్రీజు ఎండిపోయినా ఇలాగే అవుతుంది, లెన్స్ డిస్క్ చివరిదాకా వెళ్లలేక వెనక్కి కొట్టుకుంటుంది. కరెంటు తీగ తీసేసి, మూత విప్పి, పట్టాల మీద పాత గ్రీజు దూదితో తుడిచేయండి. కొద్దిగా తెల్ల లిథియం గ్రీజు రాయండి. లెన్స్ మీద మాత్రం వేలు పెట్టొద్దు.

అల్మారా_నిండా
విప్పాను. పట్టాల మీద గ్రీజు పసుపురంగు మైనంలా గట్టిపడి ఉంది. వేలిగోరుతో గీకితే పెళ్లలుగా ఊడింది. తుడిచి, కొత్తది రాసి బిగించాను. మొదటి డిస్క్ చదివింది. రెండోది కూడా చదివింది. మూడోది చదవలేదు. థాంక్స్. నా మాట మాత్రం మారలేదు.

చిప్_లోపల
నాదీ మారలేదు. మూడోది డ్యూయల్ లేయర్ డిస్కా?

అల్మారా_నిండా
అవును. ఎలా చెప్పారు?

చిప్_లోపల
రెండో పొర చదవడానికి లెన్స్‌కి ఎక్కువ బలం కావాలి. అంటే లెన్స్ కూడా అలసిపోయింది. ఆ డిస్క్‌లు ఆడాలనుంటే ఇప్పుడే ఆడేయండి.

సేవ్_ఫైల్
అమ్మ గేమ్ పేరు ఆ పట్టికలో ఇంకా అలాగే ఉంది. కొన్న తేదీ కూడా చూపిస్తోంది. నేనడిగిన దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.