ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫ్రెండ్‌తో సైకిల్ మీద తిరగాలని ఉంది – తిరిగినవాళ్లు కాస్త చెప్పండి

కాకినాడ_కాజా
అందరికీ నమస్తే. నేను జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నా. మే నెలలో నా ఫ్రెండ్ హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. ఇద్దరం ఒక వీకెండ్ ఆమ్‌స్టర్‌డామ్ వెళ్దామనుకుంటున్నాం. ట్రామ్ ఎక్కి దిగడం కన్నా సైకిళ్లు అద్దెకు తీసుకుని తిరిగితే బాగుంటుందని నా ఉద్దేశం. వాడేమో టెన్త్ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు. అక్కడి రద్దీ వీడియోలు చూసి "నువ్వు తొక్కురా, నేను నడిచొస్తాలే" అంటున్నాడు. ఎటు వెళ్లాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి?

ఆమ్‌స్టెల్‌వీన్_అక్క
తమ్ముడూ, నేనుండేది ఇక్కడే. రోజూ ఆఫీసుకి సైకిలే. నా మాట వింటే ఊరి నడిబొడ్డుని నడిచి చూడండి, సైకిల్ ఊరి అంచులకి దాచుకోండి. డామ్ స్క్వేర్ చుట్టుపక్కల టూరిస్టులు సైకిల్ దారి మధ్యలో నిలబడి ఫొటోలు తీసుకుంటుంటారు. కాల్వర్‌స్ట్రాట్, లైడ్సెస్ట్రాట్ లాంటి షాపింగ్ వీధుల్లో అసలు తొక్కకూడదు కూడా. కొత్తవాడిని తీసుకెళ్లి అక్కడ పడేస్తే ఇంక సైకిల్ పేరెత్తడు.

సైకిళ్లు తీసుకున్నాక సెంట్రల్ స్టేషన్ వెనక్కి వెళ్లండి. అక్కణ్ణుంచి ఫెర్రీలు ఉంటాయి, టికెట్ లేదు, సైకిల్‌తో సహా ఉచితం. బౌక్‌స్లోటర్‌వేఖ్ అని రాసి ఉన్నది ఎక్కితే కొద్ది నిమిషాల్లో ఉత్తరం ఒడ్డున దిగుతారు. అక్కణ్ణుంచి తూర్పుకి న్యూవెండమ్మర్‌డైక్ అని పాత కరకట్ట ఉంది. రెండు పక్కలా చెక్క ఇళ్లు, ఎవరి గుమ్మం ముందు వాళ్ల పూలకుండీలు. కట్ట మీద అలా పోతూ ఉంటే డుర్గర్‌డామ్ వస్తుంది. ఒకవైపు వరసగా ఇళ్లు, ఇంకోవైపు నీళ్లు. అది దాటితే రాన్స్‌డోర్ప్, అక్కడి చర్చి గోపురం పైభాగం కట్టడం మానేసినట్టు మొండిగా ఉంటుంది, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. మీవాడికి ఊపొస్తే మార్కెన్ దాకా పోవచ్చు. ఒకప్పుడు అది ద్వీపం, 1957లో కట్ట వేసి నేలకి కలిపారు.

దారి వెతుక్కోవడం తేలిక. సైకిల్ దారులు కలిసే కూడళ్లకి నంబర్లుంటాయి, తర్వాతి నంబర్‌కి ఎటు పోవాలో అక్కడి బోర్డులు చూపిస్తాయి. మీరు వెళ్లాల్సిన నంబర్లు వరసగా కాగితం మీద రాసుకుంటే చాలు.

పాలమూరు_పిలగాడు
అక్కా, సగం ఒప్పుకుంటా. నడిబొడ్డుని పూర్తిగా వదిలేయమంటే ఎట్లా? ఆదివారం పొద్దున్నే లేచి వెళ్తే కాలువల వెంట మనిషే కనపడడు. ప్రిన్సెన్‌ఖ్రాఖ్ట్ ఒడ్డున తొక్కుతుంటే వచ్చే మజా ఏ పడవ టూర్‌లోనూ రాదు. రైక్స్ మ్యూజియం కింద నుంచి సైకిళ్లకి దారి ఉంది, బిల్డింగ్ పొట్టలోంచి దూరి అవతలికి వెళ్లినట్టు ఉంటుంది. రిపేర్ల కోసం మూసిన ఆ దారిని ఇక తెరవరేమోనని ఊళ్లో పెద్ద గొడవే అయింది. చివరికి 2013లో మళ్లీ తెరిచారు. అవతల వోండెల్ పార్కు దగ్గరే. మీవాడి చేత మొదట ఆ పార్కులో నాలుగు రౌండ్లు వేయించు, కార్లు రావు.

సన్నజాజి
ఎవరూ చెప్పనిది ఒకటి చెప్తా. అద్దె సైకిళ్లలో చాలావాటికి హ్యాండిల్ దగ్గర వెనక బ్రేకు ఉండదు. పెడల్ వెనక్కి తొక్కితే చక్రం ఆగుతుంది. మనకేమో సిగ్నల్ దగ్గర ఆగి, పెడల్ వెనక్కి తిప్పి కాలికి అందేట్టు పెట్టుకునే అలవాటు. అక్కడ అది కదలదు! పచ్చ లైటు పడగానే వెనకాలవాళ్లు బెల్ కొడుతుంటే మనం పెడల్‌తో కుస్తీ పడుతుంటాం. ఆగేటప్పుడే ఒక పెడల్ పైకి ఉండేట్టు చూసుకుని ఆగాలి. లేదంటే రెండు హ్యాండ్ బ్రేకులున్న సైకిల్ కావాలని అడగండి, కాస్త ఎక్కువ తీసుకుంటారు, అంతే.

ఇంకోటి, అక్కడివాళ్లు ఆరడుగుల మనుషులు. షాపులో సీటు దించామన్నా మన కాళ్లు నేలకి ఆనవు. మొహమాటపడకుండా చిన్న ఫ్రేమ్ అడిగి తీసుకోండి. వెనక చక్రానికి కవర్ ఉంటుంది కాబట్టి చున్నీల భయం మాత్రం లేదు.

లోకో_షెడ్
ట్రామ్ పట్టాలు. ముందు చక్రం ఆ సందులో పడిందంటే మనిషి నేల మీదే. పట్టాలని అడ్డంగా, తిన్నగా దాటండి. వాన పడితే మరీ జాగ్రత్త. ట్రామ్‌కి దాదాపు అన్నిచోట్లా దారి ఇవ్వాల్సిందే.

కాకినాడ_కాజా
బ్రేకు సంగతి నాకస్సలు తెలీదు, థాంక్స్ అండీ. రెండు డౌట్లు. ఒకటి, మావాడు మరీ మొండికేస్తే వెనక కూర్చోబెట్టుకుని డబుల్స్ తొక్కొచ్చా? రెండోది, పక్కపక్కనే మాట్లాడుకుంటూ పోవచ్చా, ఒకరి వెనక ఒకరా?

ఆమ్‌స్టెల్‌వీన్_అక్క
డబుల్స్ ఇక్కడ మామూలే, చట్టం ప్రకారం తప్పు కాదు. క్యారియర్ మీద ఒకవైపు కాళ్లేసి కూర్చుంటారు. కాకపోతే అద్దె షాపువాళ్లు కొందరు వద్దంటారు, ముందే అడుగు. పక్కపక్కన ఇద్దరు వెళ్లొచ్చు, ముగ్గురు కుదరదు. వెనక నుంచి బెల్ వినపడితే కుడివైపు సర్దుకోవాలి. దాన్ని హారన్‌లా తీసుకుని ఫీలవ్వకండి.

ఇద్దరు వెళ్తున్నప్పుడు అసలు చిక్కు వేరే. ఒకడు పచ్చ లైటులో దాటేస్తాడు, రెండోవాడికి ఎరుపు పడుతుంది. ముందున్నవాడు టెన్షన్‌తో సైకిల్ దారి మధ్యలోనే బ్రేకేసి వెనక్కి చూస్తాడు. అక్కడే గుద్దుకుంటారు. దాటినవాడు పక్కకి దిగి, ఫుట్‌పాత్ మీదకి సైకిల్ లాక్కుని ఆగాలి, ఈ ఒక్కటి ముందే మాట్లాడుకోండి. ఊళ్లో నువ్వు ముందుండు. కట్ట మీదకి వచ్చాక వాణ్ణి ముందుకి వదులు. వాడి స్పీడే మీ ఇద్దరి స్పీడు.

రాత్రి_బస్సు
ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూడొద్దు. 2019 జులై నుంచి సైకిల్ మీద కూడా నిషేధం, జరిమానా వేస్తారు. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. హెల్మెట్ మీ ఇష్టం. నేలమీద తెల్ల త్రికోణాలు, కొసలు మీవైపు తిరిగి కనపడితే, అడ్డంగా వచ్చేవాళ్లకి దారి ఇవ్వాలి. గీతలేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లది ముందు.

పాలమూరు_పిలగాడు
మీవాడికి కార్ల భయం ఉంటే ఈ ముచ్చట చెప్పు. వీళ్లూ మొదటి నుంచీ ఇట్లా లేరు. 1971లో ఈ దేశంలో రోడ్ల మీద మూడు వేల మందికి పైగా పోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 1973లో ఆయిల్ సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేశారు. మనమిప్పుడు హాయిగా తొక్కే ఎర్ర సైకిల్ దారులు ఆ కొట్లాటల తర్వాత వచ్చినవే.

సన్నజాజి
గాలి గురించి ఎవరూ అనలేదేంటి! గుట్టలు లేవన్న మాటే గానీ, కట్ట మీద ఎదురుగాలి కొడితే ఫ్లైఓవర్ ఎక్కుతున్నట్టే ఉంటుంది. బయల్దేరే ముందు గాలి ఎటుందో చూసుకుని వెళ్లేటప్పుడే ఎదురుగా వెళ్లండి, తిరిగొచ్చేటప్పుడు అదే తోస్తుంది. మే నెలైనా విండ్‌చీటర్ ఉంచుకోండి.

కాకినాడ_కాజా
సరే, ఫిక్స్. శనివారం ఫెర్రీ ఎక్కి డుర్గర్‌డామ్ వైపు, ఆదివారం పొద్దున్నే కాలువలు, మ్యూజియం దారి. మధ్యలో ఎక్కడైనా దిగి తిరగాలంటే సైకిళ్లు ఎక్కడ పెట్టాలి? దొంగతనాలు ఎక్కువంటున్నారు కదా?

రాత్రి_బస్సు
మన ఊరి సైకిళ్లకున్నట్టే వెనక చక్రానికి లాక్ ఉంటుంది, అదొక్కటే వేసి వదిలేయొద్దు. గొలుసు ఇస్తారు, దాన్ని ఫ్రేమ్ లోంచి తీసి స్టాండుకి కట్టేయండి. ఎక్కడపడితే అక్కడ పెడితే మునిసిపాలిటీవాళ్లు ఎత్తుకెళ్తారు, విడిపించుకోవడానికి ఊరి చివరికి పోవాలి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా నీళ్ల కింద ఏడు వేల సైకిళ్లు పట్టే పార్కింగ్ 2023లో తెరిచారు, మొదటి 24 గంటలు ఉచితం. అందులో పెడితే సైకిల్ ఏ వరసలో పెట్టారో ఆ నంబర్ ఫొటో తీసుకోండి.

లోకో_షెడ్
ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ. ఒకడి బ్యాటరీ ఎలాగూ అయిపోతుంది.