పారంగతుడంటే గట్టెక్కినవాడేనా?

మాది బెజవాడ గవర్నర్‌పేటలో ఫ్లెక్సీల షాపు. నిన్న సాయంత్రం ఒక సన్మానానికి మ్యాటర్ తెచ్చారు. రిటైరవుతున్న తెలుగు మాస్టారి పేరు ముందు వరసగా ‘పండితులు, విద్వాంసులు, మేధావులు, భాషా నిష్నాతులు, సకల శాస్త్ర పారంగతులు’. ఫ్లెక్సీ చూస్తే ఆరడుగులు బై నాలుగు, అందులో సగం నాయకుల ఫొటోలకే పోతుంది. ‘అన్నీ ఒకటే కదండీ, రెండు ఉంచి మిగతావి తీసేద్దాం’ అన్నాను. తెచ్చినాయన సరే అన్నాడు గానీ, ఏ రెండో నన్నే తేల్చమన్నాడు. రాత్రి పడుకున్నాక అనుమానం పట్టుకుంది, నిజంగా అన్నీ ఒకటేనా అని. రేపు పదింటికి ప్రింటుకి వెళ్ళాలి. కాస్త చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు: ముందు ఆ మేధావిని తీసెయ్ నాయనా. ‘ధీర్ధారణావతీ మేధా’ అని అమరకోశం. విన్నదాన్ని జారిపోకుండా పట్టి ఉంచే బుద్ధి మేధ. ఆ లెక్కన అవధానం చేసేవాళ్ళకి అతికినట్టు సరిపోయే మాట. ఇవాళ మాత్రం టీవీ చర్చల్లో కూర్చునేవాళ్ళకి వాడుతున్నాం. ఇంట్లో అయితే స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయినవాణ్ణి ‘ఏరా మేధావీ’ అంటాం. స్టేజీ మీద ఆ మాట చదివితే వెనక వరస పిల్లలు కిసుక్కుమంటారు.

ఇక పండితుడు. ‘పండా’ అంటే బుద్ధి, అది కలిగినవాడు పండితుడు. కానీ మన స్కూళ్ళలో అది ఉద్యోగం పేరైపోయింది. తెలుగు పండిట్ ఉంటాడు, హిందీ పండిట్ ఉంటాడు, లెక్కల పండిట్ ఎక్కడా ఉండడు! నేనూ 30 ఏళ్ళు పండిట్‌గానే జీతం తీసుకున్నాను. అక్విటెన్సులో, అంటే జీతాల రిజిస్టర్లో, సంతకం పెట్టేటప్పుడు బుద్ధి సంగతి ఎవరూ అడగలేదు.

సత్యనారాయణపురం వీణ టీచర్: విద్వాంసుడు అనగానే మాకు కచేరీ గుర్తొస్తుందండీ. మృదంగ విద్వాంసుడు అంటాం గానీ మృదంగ పండితుడు అనం. వ్యాకరణానికి వచ్చేసరికి పండితుడే ముందు నోటికొస్తాడు. రెండూ తెలిసినవాడనే అర్థమే, కానీ విద్వాంసుడంటే ఆ తెలిసింది వేళ్ళలోనో గొంతులోనో ఉండాలి, నలుగురి ముందు పలకాలి. ఇంట్లో పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాయన పండితుడవుతాడేమో గానీ, విద్వాంసుడంటే ఎందుకో నోరు రాదు.

నేను: బాగుంది టీచరు గారూ. మాస్టారూ, ఇంకొకటి. మ్యాటర్‌లో ‘నిష్నాతులు’ అని న వత్తు పెట్టారు. ణ వత్తా, న వత్తా?

బ్రాడీపేట మాస్టారు: ణ వత్తే. అందులోనే ఉంది అసలు కథంతా. స్నానంలో ఉన్న ‘స్నా’ ధాతువు ముందు ‘ని’ చేరింది. నేర్పు అనే అర్థం ఉంటేనే ఆ స కాస్తా ష అవుతుంది, ష పక్కన చేరిన న ణ అవుతుంది. నేర్పు లేకపోతే మారదు. పాణిని దీనికోసం ప్రత్యేకంగా ఒక సూత్రమే పెట్టాడు. 2016 పుష్కరాల్లో దుర్గాఘాట్‌లో మునిగి వచ్చావనుకో, నువ్వు నిస్నాతుడివి. వ్యాకరణంలో మునిగితేనే నిష్ణాతుడివి. అదే సూత్రంలో నది కూడా ఉంది. నదీష్ణుడు అంటే నది పోకడ ఎరిగినవాడు. కృష్ణలో ఎక్కడ లోతో, ఎక్కడ సుడి తిరుగుతుందో పడవవాళ్ళకి తెలుస్తుంది చూడు, వాళ్ళన్నమాట. కాబట్టి న వత్తు పెడితే ఆయన్ని ఉత్తి స్నానం చేసినవాణ్ణి చేసినట్టే!

వీణ టీచర్: మరి పెళ్ళిలో స్నాతకం? చదువు ముగించిన బ్రహ్మచారి చేసే స్నానమే కదండీ అది. మా తమ్ముడి పెళ్ళిలో ఆ తంతు పది నిమిషాల్లో కానిచ్చి, కాశీయాత్రకి గొడుగు దొరక్క అరగంట వెతికారు.

బ్రాడీపేట మాస్టారు: అదేనమ్మా. యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ఉన్నదీ ఆ స్నానమే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో మొదలైంది బెజవాడలోనే, ఆ తర్వాత విశాఖ తరలిపోయింది. ఇక్కడే ఉండిపోయి ఉంటే స్నాతకోత్సవానికి కృష్ణ పక్కనే ఉండేది.

కృష్ణలంక కుర్రాడు: ‘అవగాహన’ అన్నా మునగటమేనని మా లెక్చరర్ చెప్పారు. బెంజిసర్కిల్‌లో ‘ట్రాఫిక్ అవగాహన’ అనే బోర్డు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది, సాయంత్రం ఆరింటికి రోజూ మునుగుతూనే ఉన్నాం కదా. సరే, నా డౌట్ వేరు. పారం అంటే అవతలి ఒడ్డు, గతుడు అంటే చేరినవాడు. అంటే పారంగతుడు గట్టెక్కినవాడేగా? ఇంటర్‌లో నేనూ లెక్కల పేపర్ సరిగ్గా పాస్ మార్కులతో గట్టెక్కాను. నా పేరు ముందు ‘గణిత పారంగతుడు’ అని ఒక ఫ్లెక్సీ కొట్టు అన్నా.

నేను: కొడతాను తమ్ముడూ, అడ్వాన్స్ పంపు. కానీ నీ ప్రశ్న మటుకు వదిలేది కాదు. ఒడ్డు ఒకటే, చేరినవాళ్ళు వేరు. మనం ఎప్పుడెప్పుడు గట్టెక్కామంటాం? అప్పులు తీరినప్పుడు, ఆసుపత్రి నుంచి మనిషి క్షేమంగా ఇంటికొచ్చినప్పుడు, నీలాగా పరీక్ష పోకుండా బయటపడ్డప్పుడు. అక్కడ నీళ్ళంటే గండం. మునిగిపోలేదు, అదే పదివేలు. పారంగతుడికి ఆ టెన్షన్ లేదు, ఏరంతా తానే ఈది అవతలికి చేరాడు. అందుకే ‘వేదాంతంలో పారంగతుడు’ అంటే దణ్ణం పెడతాం, ‘వేదాంతంలో గట్టెక్కాడు’ అంటే ఎన్ని మార్కులొచ్చాయని అడుగుతాం.

బ్రాడీపేట మాస్టారు: శభాష్. అయితే ‘సకల శాస్త్ర’ మాత్రం తీసెయ్. ఒక్క శాస్త్రం ఈదటానికే జన్మ చాలదు. నన్నడిగితే పారంగతుడి కంటే నిష్ణాతుడే నయం, ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. అన్నట్టు, అమరకోశంలో విద్వాంసుడికి 20కి పైనే పేర్లున్నాయి, ఆ వరసలో మేధావి లేడు. దోషజ్ఞుడు ఉన్నాడు, అంటే తప్పు తెలిసినవాడు. ఆ బిరుదు మీ షాపులో ప్రూఫ్ చూసేవాడికి ఇవ్వండి.

నేను: ప్రూఫ్ చూసేదీ నేనే మాస్టారూ. ‘విద్వాంసులు, భాషా నిష్ణాతులు’ ఉంచి, ణ వత్తు దిద్ది, ఇందాకే పంపాను. ఒప్పుకున్నారు. కాకపోతే తీసేసిన బిరుదుల చోటు ఖాళీగా కనపడుతోందని ఇంకో ఫొటో పంపారు. ఆయన పేరు ముందు ‘విద్యాదాత’ అని వేయాలట. వాకబు చేస్తే ఆయనకి రెండు ప్రైవేటు కాలేజీలున్నాయి.