మంచు కరిగిన ప్రతి రాత్రీ క్రిస్మస్ లైట్లు ఆరిపోతున్నాయి, ఏం చేయాలి?

మాది చిన్న ఊరు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, అందుకే ఇంటి ముందు లైట్లంటే మా వీధికి ప్రాణం. పక్కింటి పెద్దావిడ కిటికీ దగ్గర కూర్చుని రోజూ వాటినే చూస్తుంటారు.

ఈసారి చూరుకు కట్టిన ఎల్‌ఈడీ సీరియల్ సెట్లు పొడిగా ఉన్నప్పుడు బాగానే వెలుగుతున్నాయి. మంచు కరిగి తడిస్తే మాత్రం 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే రక్షణ స్విచ్) ట్రిప్ అవుతోంది. ప్లగ్గులు నేలకు తగలకుండా ఎత్తి కట్టినా తగ్గలేదు. ఒక్కో సెట్ విడిగా పెడితే ఏమీ కావట్లేదు, అన్నీ కలిపితేనే సమస్య! ఒక్కోదాని లీకేజీ కొంచెం కొంచెంగా కలిసి హద్దు దాటుతోందా?

ఆర్‌సీసీబీ తీసేయమని ఒకరన్నారు. పిల్లలు తిరిగే చోటు, అది మాత్రం చేయను. సెట్లను రెండు సర్క్యూట్లకు పంచితే సరిపోతుందా, లేక కనెక్షన్లకు వాటర్‌ప్రూఫ్ డబ్బాలు పెట్టాలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.