పాత సెంట్రిఫ్యూజ్ స్క్రాప్‌కి పోతోంది: బ్లీచ్‌తో తుడిస్తే చాలదా?

మూడోషిఫ్ట్: రక్తం శాంపిళ్లు తిప్పిన మా పాత సెంట్రిఫ్యూజ్ రేపు స్క్రాప్‌కి పోతోంది. ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తుడిచాను. 'డీకంటామినేషన్ పూర్తయింది' (అంటే క్రిములు పోయేలా శుభ్రం చేశాం) అన్న కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టెయ్యనా?

పాతపిపెట్: తుడిచాక ఎంతసేపు తడిగా ఉంచారు? 10 నిమిషాలైనా ఉండాలి. బ్లీచ్ ఏ రోజుకారోజు కలుపుకోవాలి.

మూడోషిఫ్ట్: పొద్దున్నే కలిపాను సార్. టైమ్ చూసుకోలేదు.

స్క్రూడ్రైవర్: బ్లీచా? ట్యూబులు పట్టుకుని తిరిగే అల్యూమినియం రోటర్‌కి క్లోరిన్ తగిలితే గుంతలు పడతాయి.

పాతపిపెట్: తుక్కులోకి పోయే రోటర్‌కి గుంతలు పడితే మీకేం నష్టమండీ? 10 నిమిషాలు ఉంచారా లేదా, అది ముఖ్యం.

గాజుపలక: బ్లీచ్ పోసి ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే పెట్టె) పెట్టెయ్యండి, గొడవ వదిలిపోతుంది.

పాతపిపెట్: బాబూ, బ్లీచ్ పోసింది ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది. అయినా అంత మెషీన్ అందులో ఎలా పడుతుంది?

స్క్రూడ్రైవర్: 70 శాతం ఆల్కహాల్ వాడాల్సింది.

పాతపిపెట్: అది స్పోర్లను, అంటే బ్యాక్టీరియా మొండి బీజాలను, చంపదు. పైగా ఇట్టే ఆరిపోతుంది. 10 నిమిషాలు తడి నిలుస్తుందా?

స్క్రూడ్రైవర్: మళ్లీ 10 నిమిషాలే! 'శుభ్రం' అని కాగితం అంటించిన మెషీన్‌ని ఒకసారి సర్వీసుకి విప్పాను. రోటర్ తిరిగే గిన్నె, అదే బౌల్, ఎత్తితే షాఫ్ట్ చుట్టూ పగిలిన ట్యూబు ముక్కలు, నల్లగా అట్టకట్టిన రక్తం. గ్లవ్‌తో పాటు వేలూ తెగింది. 6 నెలలు హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించుకున్నాను. సంతకం పెట్టినాయన అసలు మెషీన్ ముట్టుకోలేదట. ఎండిన రక్తం కడగకుండా మీరు గంటసేపు బ్లీచ్ పోసినా పైపైనే పోతుంది.

గాజుపలక: అయ్యో.

పాతపిపెట్: మీకు జరిగింది ఘోరమే. కానీ అలాంటి సంతకాలు పెట్టేవాణ్ణి నేనూ. లోపలి స్క్రూ ముట్టుకుంటే వారంటీ పోతుందని చెప్పేది మీ కంపెనీలే. లోపల శుభ్రం లేదని తిట్టేదీ మీరే. మేమేం చెయ్యాలి?

స్క్రూడ్రైవర్: విప్పమని నేనన్నానా? విప్పకపోతే 'లోపల తెరవలేదు' అని రాయండి. చూడనిదాన్ని శుభ్రమని రాయకండి. రేపు దాన్ని సుత్తితో పగలగొట్టేవాడికి గ్లవ్స్ కూడా ఉండవు.

పాతపిపెట్: ఫారంలో ఆ గడి ఉండదు.

స్క్రూడ్రైవర్: పెన్ను ఉంటుంది కదా.

మూడోషిఫ్ట్: ఇప్పుడే వెళ్లి చూశాను. బౌల్ తళతళలాడుతోంది. అడుగున డ్రెయిన్ గొట్టంలో మాత్రం గోధుమరంగు చార ఉంది. 'గొట్టం, లోపలి భాగాలు కడగలేదు' అని మార్జిన్‌లో రాసి, సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చాను. స్క్రాప్ బండి రద్దయింది. మా సూపర్‌వైజర్ నాతో మాట్లాడట్లేదు.