ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం, జీఎస్టీ కట్టాలా?

గోదారి_గడప:
నమస్కారమండీ, మాది తణుకు. అత్తగారు, నేను కలిసి ఆవకాయ, గోంగూర, కందిపొడి చేసి వాట్సాప్‌లో అమ్ముతున్నాం. ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టాక హైదరాబాద్ ఆర్డర్లు బాగా పెరిగాయి. ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదని అందరూ అంటున్నారు. మా అమ్మకం అందులో పదో వంతు కూడా ఉండదు. ధీమాగా ఉండొచ్చా?

పద్దుపుస్తకం:
ఆ 40 లక్షలు ఆంధ్రాలో ఉండి ఆంధ్రాలోనే సరుకు అమ్ముకునేవాళ్లకండీ. భీమవరం పంపితే ఒక లెక్క, హైదరాబాద్ పంపితే ఇంకో లెక్క. 2014 నుంచి అది వేరే రాష్ట్రం కదా. రాష్ట్రం దాటించి సరుకు అమ్మితే మొదటి సీసా నుంచే రిజిస్ట్రేషన్ కావాలి, టర్నోవర్‌తో పని లేదు. తక్కువ పన్నుతో పోయే కాంపోజిషన్ స్కీమ్ కూడా కుదరదు, అందులో ఉన్నవాళ్లు బయటి రాష్ట్రానికి అమ్మకూడదు. చేతివృత్తుల వస్తువులు కొన్నిటికి మినహాయింపు ఉంది గానీ, ఆవకాయ ఎంత చేత్తో కలిపినా అందులోకి రాదు.

తెలంగాణవాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీకు సరుకుల మీద కూడా పరిమితి 20 లక్షలే.

కూకట్‌పల్లి_కోడలు:
ఊరికే భయపెట్టకండి సార్. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు చీరలు అమ్ముతారు, దేశమంతా పంపుతారు. ఎవరూ అడగలేదు.

పద్దుపుస్తకం:
అడగనంతకాలం బాగానే ఉంటుందమ్మా. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న బేకరీలకు, టీ కొట్లకు నోటీసులు ఇచ్చారు. ఫోన్‌పే స్కానర్ పెట్టిన ప్రతివాళ్లకీ అప్పుడు టెన్షనే.

ఇందులో ఊరట కూడా ఉంది. పచ్చళ్ల మీద 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు. అసలు తలనొప్పి రిటర్న్‌లు, అంటే అమ్మకాల లెక్క ఎప్పటికప్పుడు పోర్టల్‌లో వేయడం. అమ్మకం లేని నెలలకి కూడా సున్నా అని నిల్ రిటర్న్ వేయాలి, మర్చిపోతే రోజుకి 20 రూపాయలు లేట్ ఫీజు పడుతుంది.

బెజవాడ_బొటిక్:
నాది బట్టల వ్యాపారం, ఇంటి అడ్రస్ మీదే జీఎస్టీ తీసుకున్నా. ఇల్లు మామగారి పేరున ఉంది. ఆయన రాసిచ్చిన అంగీకార పత్రం, కరెంటు బిల్లు పెడితే సరిపోయింది. అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి. గుమ్మం దగ్గర జీఎస్టీ నంబరుతో బోర్డు పెట్టాలి అనగానే కమర్షియల్ మీటర్ వేస్తారేమోనని కంగారుపడతారు.

ఇంకోటి, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, మన ఆధార్‌తో మనమే చేసుకోవచ్చు. దానికి మా వీధి చివర ఒకాయన 1,500 అడిగాడు.

గుంటూరు_ఘాటు:
గోదారి గడప గారూ, జీఎస్టీ సంగతి సరే, ఫుడ్ రిజిస్ట్రేషన్ ఉందా? నన్నడిగితే ముందు అది చూసుకోండి. వాట్సాప్‌లో అమ్మినా, ఇంట్లో వండినా అది లేకుండా కుదరదు. నేను తీసుకున్నప్పుడు 12 లక్షల లోపు అమ్మకానికి ఏడాదికి 100 రూపాయలు. ఫోస్కోస్ అనే ప్రభుత్వ ఫుడ్ లైసెన్సుల పోర్టల్‌లో ఫొటో, గుర్తింపు కార్డు పెట్టి నేనే అప్లై చేశా.

తర్వాత లేబుల్. నా అరకిలో డబ్బా మీద ఇవన్నీ ఉంటాయి: మామిడికాయ ఆవకాయ అని పేరు, ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె అని ఎక్కువ పడింది ముందు వచ్చేలా వరస, పచ్చ చుక్క, నికర బరువు, బ్యాచ్ నంబరు, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, మా అడ్రస్, కస్టమర్ ఫోన్ నంబరు, 14 అంకెల ఫుడ్ నంబరు. ఆవాలు, నువ్వులు పడనివాళ్లుంటారు, అవి ఉన్నాయని కనపడేలా వేయిస్తాను. ‘అమ్మమ్మ చేతి రుచి’ అని పెద్దక్షరాల్లో వేసి తేదీ మర్చిపోయే డబ్బాలు ఎన్ని చూశానో!

కూకట్‌పల్లి_కోడలు:
సరే, ఒప్పుకున్నా. మరి ‘నో రిటర్న్, నో రీఫండ్’ అని పేజీ మీద రాసుకుంటే చాలా?

బెజవాడ_బొటిక్:
చాలదండీ. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం పాడైనది, చూపించినదానికి తేడాగా ఉన్నది పంపితే వెనక్కి తీసుకోను అనడానికి లేదు. కస్టమర్ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వొచ్చు. రంగు నచ్చలేదన్నది మాత్రం వేరే సంగతి, దానికి మీ పాలసీ మీరు పెట్టుకోవచ్చు. చుట్టాల చేత కస్టమర్లలా రివ్యూలు రాయించడం కూడా వద్దు.

గోదారి_గడప:
అందరికీ థ్యాంక్సండీ. హైదరాబాద్ ఆర్డర్లు ప్రస్తుతానికి ఆపాం, ఫుడ్ రిజిస్ట్రేషన్‌కి ఇవాళే పెట్టా. డల్లాస్ నుంచి ఒకావిడ చికెన్ పచ్చడి అడుగుతున్నారు, పంపొచ్చా?

పద్దుపుస్తకం:
చికెన్ జోలికి పోకండి, అక్కడి కస్టమ్స్‌లో పారేస్తారు. ఆవకాయ అమ్మాలన్నా ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకిచ్చే నంబరు) కావాలి, ఫీజు 500. అక్కడి ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వ్యవహారం కూడా ఉంటుంది. ముందు హైదరాబాద్ సంగతి తేల్చుకోండి.