బళ్ళు ఓడలవుతాయా, ఓడలెక్కుతాయా?

ప్రశ్న: "ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అంటాం కదా. బండి ఓడ ఎలా అవుతుందండీ? అసలు ఈ పోలిక ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది?

జవాబు: మంచి సందేహం అడిగారు. ఉన్నవాడు చితికిపోవడం, లేనివాడు పైకి రావడం అనే అర్థం బాగా స్థిరపడిపోయింది కాబట్టి మనం బండిని గానీ ఓడని గానీ ఊహించుకోకుండానే అనేస్తాం. తమిళంలో ఇదే సామెత కాస్త విప్పి చెప్పినట్టుంటుంది. ఓడ ఒకనాడు బండి ఎక్కుతుంది, బండీ ఒకనాడు ఓడ ఎక్కుతుంది అంటారు వాళ్ళు. నాకైతే సామెత ప్రాణం ఈ ఎక్కడంలోనే ఉందనిపిస్తుంది. కొత్త పడవను ఏటి దాకా తేవాలంటే బండి కావాలి. బండి ఏరు దాటాలంటే పడవ కావాలి. గోదావరి రేవుల్లో పంటు మీద లారీలు దాటడం చూసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇందుకు నాకు తెలిసిన అతి పెద్ద ఉదాహరణ రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. 1940లో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ నుంచి బ్రిటిష్ సైనికులు ప్రాణాలతో బయటపడ్డారు గానీ ట్యాంకులు, ఫిరంగులు, లారీలు అక్కడే వదిలేసి రావాల్సి వచ్చింది. మళ్ళీ యూరప్‌లో అడుగుపెట్టాలంటే ఒక్కోటి 30 టన్నులు దాటే షెర్మన్ ట్యాంకుల్ని రేవు లేని చోట, ఇసుక మీద దించాలి. చిక్కు ఇక్కడే ఉంది. మహాసముద్రం దాటే ఓడ నీళ్ళలోకి లోతుగా దిగి ఉండాలి, లేకపోతే అలలకు నిలవదు. ఒడ్డుకు చేరే ఓడ పైపైన తేలాలి, లేకపోతే దూరంగానే నేలకు తగిలి ఆగిపోతుంది.

అమెరికా నౌకాదళంలో ఓడల డిజైన్ చూసే జాన్ నీడర్‌మేయర్ 1941 నవంబరులో దీనికి దారి కనిపెట్టాడు. ఓడ కడుపులో పెద్ద పెద్ద నీళ్ళ తొట్లు పెట్టాడు. సముద్రంలో వాటిని నింపితే ఓడ బరువెక్కి కిందికి దిగుతుంది. తీరం దగ్గర పడగానే తోడేస్తే తేలికై పైకి లేస్తుంది. అదే ఎల్‌ఎస్‌టీ (ల్యాండింగ్ షిప్, ట్యాంక్), అంటే ట్యాంకుల్ని ఒడ్డున దించే ఓడ. 328 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. యుద్ధం ముగిసేలోపు ఇలాంటివి వెయ్యికి పైగా కట్టారు.

దాని పనితీరు దగ్గర నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వెనక వైపు నుంచి ఒక లంగరు జారవిడుస్తారు. దాని ఇనుప తాడు వదులుతూ ముందుకొచ్చి, ముక్కు ఇసుకలో దిగేదాకా నడుపుతారు. ముక్కు తలుపులు రెండు పక్కలకీ తెరుచుకుంటాయి, ర్యాంప్ కిందికి వాలుతుంది, గొలుసులతో నేలకు బిగించి ఉన్న ట్యాంకుల కట్లు విప్పితే ఒకదాని వెనక ఒకటి దిగిపోతాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ తాడే చుట్టుకుంటూ ఓడ తనను తాను వెనక్కి లాక్కుంటుంది. లోపల అన్ని ఇంజన్లూ ఒకేసారి స్టార్టయితే పొగకు మనుషులు ఊపిరాడక పోతారని, అమెరికాలోని ఫోర్ట్ నాక్స్ సైనిక స్థావరంలో నేల మీదే ఓడ లోపలి భాగాన్ని పోలిన కట్టడం కట్టి, పొగ బయటికి లాగే ఏర్పాట్లు పరీక్షించారు. దాన్ని బట్టే ఎంత శ్రద్ధ పెట్టారో తెలుస్తుంది.

ఒక సభ్యురాలు: తేలే ట్యాంకులు కూడా ఉండేవి కదండీ? అవి నిజంగానే "ఓడలయ్యాయి". మరి "అవుతాయి" అనడం తప్పెలా అవుతుంది?

జవాబు: తప్పనను అమ్మా, వాడుకే ప్రమాణం. మీరన్న ట్యాంకుల కథ మాత్రం బాధాకరం. షెర్మన్ చుట్టూ కాన్వాసు గోడ లేపి, వెనక ప్రొపెల్లర్లు పెట్టి ఈదించారు. 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లో నార్మండీలోని ఒమాహా తీరంలో ఒక బెటాలియన్ 29 ట్యాంకుల్ని ఒడ్డుకు చాలా దూరంలో, పెద్ద అలల్లోకి దించింది. 27 మునిగిపోయాయి. పక్కనే ఇంకో బెటాలియన్ అధికారులు సముద్రాన్ని చూసి, ఈదించొద్దు, పడవల మీదే ఒడ్డు దాకా తీసుకెళ్దామని నిర్ణయించారు. నార్మండీలోనే ఉన్న యూటా తీరంలో మాత్రం కాస్త దగ్గర్లో దించడం వల్ల ఈదిన ట్యాంకుల్లో చాలావరకు క్షేమంగా చేరాయి.

ప్రశ్న అడిగినవారు: అంటే బళ్ళు ఓడలెక్కిన సంగతి తేలింది. మరి సామెతలో మిగతా సగం, ఓడలు బళ్ళెక్కడం?

జవాబు: అదీ జరిగిందండీ, అదే యుద్ధంలో. 1945 మార్చిలో జర్మనీలో రైన్ నది దాటాల్సి వచ్చినప్పుడు, సముద్ర తీరాల్లో సైనికుల్నీ వాహనాల్నీ దించిన నౌకాదళం పడవల్నే బెల్జియం మీదుగా రోడ్డు మార్గాన తెచ్చారు. ట్యాంకులు మోసే భారీ ట్రెయిలర్ల మీదికెక్కించి మరీ తెచ్చారు. పెద్దవి దాదాపు 50 అడుగుల పొడవు. ఊళ్ళలో సందులు ఇరుకైన చోట ఆ పడవ పట్టడానికి ఇళ్ళ గోడలు కూలగొట్టి దారి చేశారు.